ఖర్చు రాసిన సుద్దముక్కలు

మొన్న మా అత్తగారి కంటికి శుక్లం తీయించాం. నర్సీపట్నంలోనే, మెయిన్ రోడ్డు మీది ఆసుపత్రిలో. ఇంటికి బయలుదేరే ముందు బిల్లు కౌంటరు దగ్గర నిలబడ్డాం. ఆవిడది మాకవరపాలెం పక్కన పల్లెటూరు. కళ్ళ కంటే ముందే ఆవిడకి చెవులు మందగించాయి. ఆ సంగతి మాత్రం ఒప్పుకోదు. ఈ మధ్య లోకమంతా గొంతు తగ్గించేసిందంటుంది.

కౌంటర్లో కూర్చున్న అమ్మాయి ముఖానికి మాస్కు, తలకి టోపీ. కళ్ళు తప్ప ఏమీ కనపడవు. బిల్లు మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదివి చెబుతోంది. "రూమండీ. డాక్టరుగారి ఫీజండీ. మందులండీ." మంచి గట్టి గొంతు, అవతలి వరస కుర్చీల దాకా వినపడేటట్టుంది. ఆ తరవాతి మాట దగ్గరికి వచ్చేసరికి ఏమైందో, ఒక్కసారిగా గొంతు దించేసి, పక్కన పసిపిల్ల నిద్రపోతోందా అన్నంత మెల్లగా "కన్స్యూమబుల్స్" అంది.

"ఏటంటాది?" అని నన్నడిగింది మా అత్తగారు. నేను చెప్పేలోపే ఆ అమ్మాయి వైపు తిరిగి, "గట్టిగా సెప్పమ్మా, సెవిలో సెప్పినట్టు సెప్తావేటి?" అంది.

"వాడేస్తే అయిపోయేవి మామ్మగారూ! దూది, గ్లౌజులు, సూదులు!" మళ్ళీ గొంతు గట్టిగానే ఉంది.

"అయిపోయాయనకూడదమ్మా. నిండుకున్నాయనాల."

ఆ ఇంగ్లీషు మాట, ఈ తెలుగు మాట ఒక్కచోట, ఒక్క నిమిషంలో వినేసరికి నాకు మా ఇంగ్లీషు మేడమ్ గుర్తొచ్చింది. గుర్తొచ్చిందంటే ఆషామాషీగా కాదు. బిల్లు కాగితం పట్టుకుని అక్కడే కుర్చీలో కూలబడిపోయాను. ఆవిడ పోయి ఏడాది దాటింది.

పేరు రాయను. రాస్తే ఆవిడ తరపు వాళ్ళ ఫోన్లు మొదలవుతాయి. సరిగ్గా పొగడలేదని ఒకరు, నలుగురిలో నవ్వులపాలు చేశానని ఒకరు. బళ్ళో అందరికీ ఆవిడ ఇంగ్లీషు మేడమ్, అంతే. ఇక్కడా అలాగే ఉండనివ్వండి.

రోలుగుంట అవతల ఒక ఊళ్ళో హైస్కూలు మాది. నేను సైన్సు, ఆవిడ ఇంగ్లీషు. ఇద్దరం నర్సీపట్నం బస్సు కాంప్లెక్సు దగ్గర ఒకే షేరాటో ఎక్కేవాళ్ళం. జీడితోటల మధ్యనుంచి ఆటో పోతున్నంతసేపూ ఆవిడ మాట్లాడుతూనే ఉండేది. మాటలైపోతే పాట. శ్రుతికీ ఆవిడకీ చుట్టరికం లేదు. హారతిపాట మొదలుపెట్టి, రెండో చరణం మరిచిపోయి, దాన్ని ఇంకేదో పాటలో కలిపేసి ఊరు వచ్చేదాకా లాగేది. డ్రైవరు అద్దంలోంచి నన్ను జాలిగా చూసేవాడు. "మేడమ్, కాసేపు గొంతుకి రెస్టు ఇవ్వండి" అనేదాన్ని. "నాకు రెస్టు కావాలంటే నిద్రపోతాను కదమ్మాయ్" అనేది. ఆ మాట మీద ఇంకో పాట.

ఆవిడ చీర కుడివైపు కుచ్చిళ్ళు ఎప్పుడూ తెల్లగా ఉండేవి. సుద్దపొడి. చెయ్యి తుడుచుకోవడానికి డస్టరు, గుడ్డ ఏవీ పనికొచ్చేవి కావు, చీరే కావాలి. సుద్దముక్కని గోటికి అందినంతసేపూ వదిలేది కాదు. బఠాణీ గింజంత అయ్యాక దాన్ని హ్యాండుబ్యాగులోని పాత పౌడరు డబ్బాలో వేసేది. డబ్బా నిండితే స్టాకు బీరువాలో ఉన్న ఆవకాయ జాడీలోకి వంపేది. ఆ జాడీ కూడా ఇంటినుంచి తెచ్చిందే, మూత పగిలిపోయిందని.

"అంత ముక్కతో ఏం రాస్తారు మేడమ్?" అని అడిగానొకసారి.

"రాయడానికెవరు దాచారు? అది ఇంకా అవలేదు. అవనిదాన్ని ఎలా పారేస్తాం?"

ఇది పిసినారితనం అనుకునేరు. పిల్లలు అడిగితే కొత్త పెన్ను తీసి ఇచ్చేసేది. తన టిఫిను సగం ఎవరికో ఒకరికి పెట్టకుండా తినేది కాదు. ఒక వస్తువుకి పూర్తిగా పని చెప్పకుండా దాన్ని చెత్తబుట్టలో వేస్తే మాత్రం ఆవిడకి ప్రాణం ఒప్పేది కాదు. సబ్బు అరిగి రేకులా అయితే కొత్త సబ్బుకి అంటించేది. రీఫిల్లు రాయకపోతే దాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టి కవ్వంలా తిప్పేది. ఈ చాదస్తం చూసి నేను నవ్వేదాన్ని, విసుక్కునేదాన్ని కూడా.

మా సర్కారు బళ్ళలో సామాను రెండు రకాలు. బల్లలు, గ్లోబు, మైక్రోస్కోపు మొదటి రకం. వాటిని ఎవరు ఎప్పుడు వచ్చి అడిగినా చూపించాలి. సుద్దలు, యాసిడ్లు, ఫినాయిలు రెండో రకం. వాటిని వాడి, ఖర్చు రాసెయ్యడమే. ఈ రెండో రకం పేరే కన్స్యూమబుల్స్. స్టాకు ఇన్‌చార్జి మా ఇంగ్లీషు మేడమ్. ఏటా ఒకసారి మండలం నుంచి ఒక సారు తనిఖీకి వచ్చేవాడు. ఆ ఏడు వచ్చినాయన గ్లోబు చూద్దామని బీరువా తెరిచాడు. గ్లోబు వెనక జాడీలు కనపడ్డాయి. అప్పటికి ఒకటి కాదు, అరనిండా జాడీలే. ఒకదాని మూత తీసి లోపల చెయ్యి పెట్టి, గుప్పెడు సుద్దముక్కలు తీశాడు.

"ఇవేటండీ మేడంగారూ?"

"సుద్దముక్కలండీ."

"అది తెలుస్తోందండీ. మీరు సుద్దలన్నీ ఖర్చు రాసేశారు కదా. ఖర్చు రాసిన సరుకు ఉండకూడదు కదండీ."

హెడ్మాస్టారికి ముచ్చెమటలు పోశాయి. "అవి ముక్కలు సార్, పోన్లెండి" అన్నాడు. పాపం ఆ వచ్చినాయన చెడ్డవాడు కాదు, ఆయన భయం ఆయనది. "తక్కువైతే రాయడానికి చోటుందండీ. ఎక్కువైతే ఎక్కడ రాయమంటారు? పైవాళ్ళు నన్నడుగుతారు" అన్నాడు.

అప్పుడు మా మేడమ్ కుర్చీ లాక్కుని కూర్చుంది. కూర్చుందంటే ఇక లేవదని మాకు తెలుసు. "కన్స్యూమ్ అన్న మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలుసా అండీ?" అని మొదలుపెట్టింది. ఆయన తెలీదన్నాడు. తెలుసన్నా ఆగేది కాదు.

"లాటిన్ నుంచి వచ్చిందండీ. మొత్తం తీసేసుకోవడం అని అర్థం. ఇంగ్లీషువాళ్ళు దాన్ని నిప్పుకి వాడారు. ఇల్లంటుకుంటే, నిప్పు కన్స్యూమ్ చేసేసిందనేవారు. జబ్బుకీ వాడారు. మనం క్షయ అంటామే, దాన్ని వాళ్ళు కన్సంప్షన్ అనేవారు. మనిషిని లోపల్నుంచి తినేస్తుంది కదా. ఆస్తి కరిగించేసినవాణ్ణి కూడా ఆ మాటతోనే తిట్టేవారు. మనమూ అంటాం చూడండి, డబ్బంతా తగలేశాడని! మనకీ నిప్పే గుర్తొచ్చింది, వాళ్ళకీ నిప్పే గుర్తొచ్చింది. అప్పట్లో కన్స్యూమర్ అంటే తిట్టేనండీ. ఇప్పుడో? షాపులో కాలుపెట్టిన ప్రతివాడూ కన్స్యూమరే. వాడికో కోర్టు కూడా పెట్టాం."

సారు ముందున్న టీ మీద మీగడ కట్టింది. హెడ్మాస్టారు గోడ గడియారాన్నీ, నన్నూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆవిడ ఆగలేదు.

"మన ఇళ్ళల్లో ఎప్పుడైనా బియ్యం అయిపోయాయని అన్నారా అండీ? మా అమ్మ అననిచ్చేది కాదు. నిండుకున్నాయనాలి. దీపం ఆరిపోయిందని అనకూడదు, కొండెక్కిందనాలి. వాడేసిన వస్తువుకి కూడా మర్యాద ఇచ్చారండీ మనవాళ్ళు. నేను ఆ ఇంట్లో పెరిగినదాన్ని. ఈ ముక్క ఇంకా రాస్తోందండీ, చూడండి." అంటూ వంగి గచ్చు మీద 'ఎ' రాసి చూపించింది. "ఖర్చు రాసింది నిబంధన కోసం. దాచింది దీనికోసం."

సారు తల గోక్కున్నాడు. "మీరు చెప్పింది బాగుంది మేడంగారూ. ఇవి మాత్రం నేనెళ్ళేసరికి ఉండకూడదు" అని భోజనానికి లేచాడు. పారబోయించమని ఆయన ఉద్దేశం.

ఆవిడ జాడీలన్నీ మోయించుకుని పదో తరగతి గదికి వెళ్ళింది. "వరండా అంతా మీదే. ముక్క మిగలకూడదు. బేగి కానివ్వండి" అంది. పిల్లలు విరుచుకుపడ్డారు. పేర్లు రాశారు, ఊళ్ళు రాశారు, ఇంగ్లీషు పద్యాలు రాశారు, ఎద్దుల బండి వేశారు, హెడ్మాస్టారి మీసం కూడా వేశారు. భోజనం ముగించి సారు బయటికొచ్చేసరికి వరండా ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తెల్లగా ఉంది. కాలు పెట్టడానికి చోటు లేదు. ఆయన బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, గోడ వారగా, కింద రాసినవన్నీ చదువుకుంటూ నడిచాడు. చివరికొచ్చాక ఆయనకీ ఏం బుద్ధి పుట్టిందో, "ఒక ముక్క ఉందేట్రా?" అని అడిగాడు.

"అయిపోయాయి సార్!" అన్నారు పిల్లలు.

"నిండుకున్నాయి!" అని వెనకనుంచి ఆవిడ గర్జించింది. అవతల వీధిలో వాళ్ళు కూడా తిరిగి చూశారు.

ఆ గర్జన ఎందుకు రాశానంటే, అలాంటిది మళ్ళీ వినలేదు. ఆ మరుసటి ఏడు బడి తెరిచేసరికి ఆవిడ గొంతు బొంగురుపోయింది. శొంఠి అన్నారు, మిరియాల పాలు అన్నారు, అన్నీ అయ్యాయి. దసరా సెలవుల్లో విశాఖపట్నం వెళ్ళి చూపించుకుంటే, స్వరపేటిక మీద కాయలు కాశాయని డాక్టరు చెప్పాడు. ఇప్పుడే మాటలు మానేసి, ఆపరేషను చేయించుకుని, కొన్ని నెలలు నోరు మూసుకుంటే గొంతు దక్కుతుంది. ఇలాగే పాఠాలు చెబుతూ పోతే పూర్తిగా పోవచ్చు. గుసగుసలు కూడా కూడదు, అది ఇంకా చెడ్డదట. తప్పదంటే చాలా మెల్లగా, ఊపిరి మీద ఒత్తిడి లేకుండా మాట్లాడాలి.

ఆటోలో ఈ కబురు చెప్పగానే, "ఇవాళే లీవు పెట్టండి" అన్నాను.

"పెడితే పదో తరగతికి ఎవరు చెబుతారు?"

"ఎవరో ఒకరొస్తారు మేడమ్."

"ఏడాది మధ్యలో ఎవరూ రారమ్మాయ్. నీకూ తెలుసు."

నాకూ తెలుసు. మా బడికి అంతకుముందు లెక్కల మాస్టారు వెళ్ళిపోతే పరీక్షల దాకా ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. ఆ ఏడు పిల్లలు లెక్కల్లో ఎలా కొట్టుకుపోయారో ఇద్దరం చూశాం. అయినా నేను ఊరుకోలేదు. "మీ గొంతు పోతే ఎవడిస్తాడు?" అన్నాను.

"గొంతు ఏ రకం సరుకంటావు? చూపించేదా, వాడేదా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "స్టాకు రూములో చెప్పే కబుర్లు ఒంటి దగ్గర చెప్పకండి" అన్నాను. ఆవిడ నవ్వింది. నోరు నవ్వింది గానీ చప్పుడు రాలేదు. ఆ మర్నాటినుంచి మా ఆటోలో పాట లేదు.

ఉన్న గొంతునంతా క్లాసుకే ఖర్చు పెట్టాలని ఆవిడ నిర్ణయించుకుంది. క్లాసు బయట ఒక్క మాట లేదు. హ్యాండుబ్యాగులో పౌడరు డబ్బా పక్కన చిన్న పలక చేరింది. స్టాఫు రూములో టీ కావాలన్నా పలకే. నేను ఏదో అడిగితే, స్టాకు సరుకు ఇవ్వనన్నట్టు "ఇప్పుడు ఇష్యూ చెయ్యను" అని రాసి చూపించేది. ఇంట్లో కూడా ఇంతేనట. ఆవిడ భర్త బజార్లో కనపడి, "పెళ్ళయినప్పటినుంచీ కాస్త ఊరుకోవే అంటూనే ఉన్నానమ్మా. ఇప్పుడు ఊరుకుంటే ఇంట్లో తోచడం లేదు" అన్నాడు. అని, సంచీ సర్దుకునే వంకతో ముఖం తిప్పుకున్నాడు.

క్లాసులో ఏం జరిగిందో నేను పక్క గదిలోంచి రోజూ విన్నాను. విన్నాననడం తప్పు, ఏమీ వినపడేది కాదు. పిల్లలు మొదట రెండు రోజులు గోల చేశారు. ఆ తరవాత వాళ్ళే బెంచీలు ముందుకి జరిపారు. ముందువాళ్ళు కింద కూర్చున్నారు. ఫ్యాను కిర్రుమంటోందని ఆపేశారు, ఆ ఉక్కలో! కిటికీ తలుపులు వేశారు. ఆవిడ మెల్లగా ఒక వాక్యం చదివేది, వాళ్ళూ అంత మెల్లగానే తిరిగి చెప్పేవారు. గట్టిగా చెబితే ఆవిడ కూడా గొంతు పెంచుతుందని వాళ్ళకి భయం. ఆ గది పక్కనుంచి పోతుంటే తేనెపట్టు దగ్గర నిలబడ్డట్టుండేది. గేటు దగ్గర కొట్టుకు చచ్చే కుర్రాళ్ళు కూడా ఆ వరండా వచ్చేసరికి చెప్పులు చేత్తో పట్టుకునేవారు. చివరికి నేను కూడా పక్క గదిలో న్యూటన్ని గొంతు తగ్గించే చెప్పాల్సివచ్చింది.

పబ్లిక్ పరీక్షల దాకా అలా లాక్కొచ్చింది. పిల్లలంతా గట్టెక్కారు. ఆపరేషను ఎండల్లో అయింది. అప్పటికే ఆలస్యమైంది. గట్టి మాటలు, మెల్లని మాటలు అన్నీ పోయి, గాలి మాత్రం మిగిలింది. పెదాలు కదిలేవి, ఊపిరి వచ్చేది, మాట వచ్చేది కాదు. స్వచ్ఛంద విరమణ తీసుకుంది.

ఆ తరవాత రైతుబజార్లో అప్పుడప్పుడు కనపడేది. పలక మీద రాసి వంకాయలు బేరమాడేది. అమ్మేవాళ్ళకి చదువు రాకపోతే పక్కవాళ్ళ చేత చదివించేది. బేరం మాత్రం వదిలేది కాదు. నాకు ఆవిడ మీద కోపం పోలేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ పోలేదు. ఒక ఏడాది పిల్లలకి మార్కులు తగ్గితే తగ్గేవి, ఆ గొంతు ఉండేది కదా అనిపిస్తుంది. ఒకనాడు బజారు బయట నిలబెట్టి అడిగేశాను. "ఎప్పుడైనా అనిపిస్తుందా మేడమ్, లీవు పెట్టాల్సిందని?"

పలక తీసింది. డబ్బాలోంచి ఓ ముక్క ఏరుకుంది. రాసింది.

"పాడాలనిపించినప్పుడు."

నేను చదివానని చూసుకుని, పలక చీర కుచ్చిళ్ళకి తుడిచేసి, ఆటో పిలవమని నాకు సైగ చేసింది. ఆ తరవాత ఒక తెల్లవారుజామున నిద్రలోనే గుండె ఆగిపోయింది.

"ఎంతసేపు కూకుంటావు? ఎలిపోదాం పద" అని మా అత్తగారు నా భుజం తట్టింది. లేచి కౌంటరు దగ్గరికి వెళ్ళాను. నా మనసులో అప్పటికే ఏదో తొలుస్తోంది.

"ఇందాకటి మాట ఇంకోసారి చెప్పమ్మా. మూడో దాని కింద ఉన్నది."

"కన్స్యూమబుల్స్" అంది. మళ్ళీ అంతే మెల్లగా.

"దాని కిందది?"

"డిశ్చార్జ్ సమ్మరీ." అదీ అంతే. రూము, ఫీజు మన మాటలైపోయాయి గనుక గట్టిగా అంది. ఇంగ్లీషు ఇంగ్లీషులా వచ్చిన చోటల్లా గొంతు దిగిపోతోంది.

"ఏ స్కూల్లో చదివావమ్మా?"

ఆ అమ్మాయి మాస్కు కిందికి లాగింది. "నేను మిమ్మల్ని ఎప్పుడో పోల్చుకున్నాను మేడమ్. మీరే నన్ను పోల్చలేదు" అని మా బడి పేరు చెప్పింది. ముందు వరసలో కింద కూర్చునే పిల్ల. ఫ్యాను స్విచ్చి కట్టేసే పని ఆ పిల్లదే.

"ఇంగ్లీషు అంత మెల్లగా మాట్లాడతావేం?"

ఆ అమ్మాయి నిజంగానే ఆశ్చర్యపోయింది. "మెల్లగానా? నేనా అండీ?" మాస్కు తాడు సర్దుకుంది. "మరి ఇంగ్లీషు అలాగే కదండీ పలకాలి. మేడంగారు అలాగే చెప్పారు."

నాకు దుఃఖం ఆగలేదు. బిల్లు కాగితం ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. పోయిందనుకున్న గొంతు మా బడి పిల్లల నోళ్ళలో ఉంది. ఇంకెన్ని కౌంటర్ల దగ్గర, ఇంకెన్ని ఊళ్ళలో ఉందో.

"ఏటయ్యిందే? ఏటంటాది ఆ పిల్ల?" అని మా అత్తగారు నా చెయ్యి పట్టి లాగింది.

ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి ఆ ఇంగ్లీషు మాటే చెప్పాను. ఆవిడకి వినపడలేదు. గట్టిగా చెబుదామని మళ్ళీ నోరు తెరిచాను. మళ్ళీ అంతే మెల్లగా వచ్చింది.